డబ్బు కట్టే ముందు డ్రైవర్ తలుపు తీసి చూడు

చిరంజీవి కిరణ్‌కి, ఆశీస్సులు.

ట్రక్కు వెనక తగిలించుకునే ఇల్లులాంటి ట్రావెల్ ట్రైలర్ కొనుక్కుని పిల్లలతో తిరగాలన్న మీ ఆలోచన బాగుంది. నీ మెసేజ్‌లో ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. "ట్రక్కు 7,500 పౌండ్లు లాగుతుందట బాబాయ్, ట్రైలర్ 3,900 పౌండ్లే, సగం పైన కొంచెమే కదా" అన్నావు. అమ్మేవాడు నీకు అబద్ధం చెప్పలేదు, కానీ ఆ లెక్క నమ్ముకుని మాత్రం డబ్బు కట్టకు. మిడ్‌సైజ్ పికప్‌తో ట్రావెల్ ట్రైలర్ లాగొచ్చు, క్షేమంగానే లాగొచ్చు. ఎంత ట్రైలర్ అన్నదే తేలాలి. అది బ్రోషర్ చదివితే తేలదు. నీ ట్రక్కు డ్రైవర్ తలుపు తీస్తే పక్కన కనబడే స్టిక్కర్ చూడాలి.

ముందు ఆ 7,500 సంగతి చెప్తాను. మిడ్‌సైజ్ పికప్‌లలో ఫోర్డ్ రేంజర్‌కి 7,500, షెవర్లే కొలరాడోకి 7,700, హోండా రిడ్జ్‌లైన్‌కి 5,000 అని కంపెనీలు చెప్పే అంకెలు ఊరికే వేసినవి కావు. దానికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అని ఒక ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్లకు పైగా సాగే ఎత్తు రోడ్డుంది. మండుటెండలో, ఏసీ ఫుల్లుగా వేసుకుని, వేగం మరీ పడిపోకుండా ఆ రోడ్డు ఎక్కగలగడం అందులో ఒక పరీక్ష. ఇంజిన్, గేర్‌బాక్స్ తట్టుకుంటాయా అనేది దాంతో బాగానే తెలుస్తుంది. కానీ ఆ లెక్కలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే, మనిషికి 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలుండరు, వెనక సామాను వేసే తొట్టి, అదే బెడ్, అందులో సామానుండదు. మీరు నలుగురు, కూలర్, సైకిళ్లు, కట్టెలు అన్నీ వేసుకుని బయల్దేరతారు.

మిడ్‌సైజ్ ట్రక్కుల్లో లాగే బలం కంటే ముందు మోసే బలం చాలకుండా పోతుంది. దాన్నే పేలోడ్ అంటారు. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని ఆ స్టిక్కర్ మీద పౌండ్లలో రాసి ఉంటుంది. వెబ్‌సైట్‌లో చూసిన అంకె పెట్టుకోకు, నీ ట్రక్కు మీద ఉన్నదే నీ అంకె. ఒకే మోడల్‌లో కూడా ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్ లాంటివి ఉంటే ఆ బరువు పేలోడ్‌లోంచే పోతుంది. నువ్వు తర్వాత బిగించిన బెడ్ కవర్, సైడ్ స్టెప్పులు ఆ అంకెలో లేవు, వాటిని నువ్వే తీసేసుకోవాలి.

ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం, అదే హిచ్, దాని మీద ట్రైలర్ ముందు భాగం (టంగ్) మోపే బరువుంటుంది చూశావూ, టంగ్ వెయిట్, అది కూడా ఈ పేలోడ్‌లోకే వస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. ట్రావెల్ ట్రైలర్ సామాను నింపాక ఎంత తూగుతుందో అందులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద ఉండాలి. నేను 13 శాతం వేసుకుంటాను.

నీ ట్రక్కు స్టిక్కర్ మీద 1,250 ఉందనుకుందాం. మీ నలుగురూ కలిపి 440. బెడ్‌లో సామాను ఎంత తగ్గించినా 150 ఉంటుంది. బరువుని చక్రాలన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తానే 80 దాకా తూగుతుంది. అన్నీ పోగా ట్రైలర్ టంగ్‌కి మిగిలింది 580. దాన్ని 13 శాతంతో లెక్కేస్తే నిండు ట్రైలర్ 4,460 పౌండ్లు దాటకూడదు. 7,500 ఎక్కడ, ఇదెక్కడ!

నువ్వు చూసిన ట్రైలర్ 3,900 అన్నావు. అది డ్రై వెయిట్, అంటే ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా బయటికొచ్చినప్పటి బరువు. బ్యాటరీ చాలాసార్లు అందులో కలపరు. 20 పౌండ్ల గ్యాస్ పట్టే సిలిండర్లు నింపితే ఒక్కోటి 37 పౌండ్ల దాకా ఉంటుంది. బ్యాటరీ, సిలిండర్లు రెండూ కూర్చునేది సరిగ్గా టంగ్ మీదే. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 దాటింది. గిన్నెలు, పరుపులు, కుర్చీలు, గొట్టాలు, పనిముట్లు, బట్టలు చేరేసరికి వెయ్యి పౌండ్లు ఎటు పోయాయో తెలియదు. అంటే ఆ ట్రైలర్ రోడ్డు మీద 4,900. టంగ్ మీద 637. నీ దగ్గర మిగిలింది 580. అమ్మాయి, పిల్లలు రారంటే సరిపోతుంది, కానీ అప్పుడు ట్రైలర్ ఎందుకు? అందుకని 3,300, 3,400 డ్రై వెయిట్ దగ్గర వెతుకు. పొడవు కూడా మొత్తం మీద 20, 21 అడుగుల్లో ఉంటే నయం.

57 పౌండ్లే కదా తేడా అంటావేమో, సామాను కొంచెం ట్రైలర్ వెనక్కి సర్దితే టంగ్ తేలికవుతుంది కదా అని కూడా నీకు తడుతుంది. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకు. టంగ్ తేలికైతే ట్రైలర్ ఊగుతుంది. హైవే మీద పెద్ద సెమీ లారీ పక్కనుంచి దాటుతున్నప్పుడు చూడు. దాని ముందు గాలి మొదట మన ట్రైలర్ వెనక భాగాన్ని అవతలికి తోస్తుంది, అది దాటుతుండగా తన వైపు లాక్కుంటుంది. ముందు భాగం బరువుగా ఉంటే ట్రైలర్ ఒకసారి కదిలి సర్దుకుంటుంది. వెనక బరువుంటే రెండో ఊపు మొదటిదానికంటే పెద్దది, మూడోది ఇంకా పెద్దది. స్టీరింగ్ నీ చేతిలోనే ఉంటుంది గానీ బండి నీ మాట వినదు. తేలికైన ట్రక్కుని ఆ ఊపు ఇంకా తొందరగా లాగేస్తుంది. అలా మొదలైతే ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకు, స్టీరింగ్‌తో ఎదురు తిప్పకు. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, బ్రేక్ కంట్రోలర్ మీట చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు ఒక్కటే పడేలా చెయ్యి. ట్రైలర్ వెనక్కి లాగబడి తిన్నబడుతుంది. ఆ మీట ఎక్కడుందో కళ్లు తిప్పకుండా అందుకునేలా ముందే అలవాటు చేసుకో.

కంట్రోలర్ అంటే గుర్తొచ్చింది, ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకుండా కదలొద్దు. 3,000 పౌండ్లు దాటితే చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా అదే అంటుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువకే అడుగుతారు. ట్రైలర్ ఊడితే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే బ్రేక్అవే తీగను ట్రక్కు ఫ్రేమ్‌కి తగిలించు, సేఫ్టీ గొలుసుకి కాదు. గొలుసులు టంగ్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేయాలి, హిచ్ ఊడినా ముక్కు నేలకి తగలకుండా వాటిలో పడుతుంది.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ మంచిదే. వెనక కూర్చున్న బరువులో కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు పంచుతుంది, స్టీరింగ్‌లో పట్టు తిరిగొస్తుంది. అది వాడొచ్చా లేదా అని ట్రక్కు మాన్యువల్‌లో ఒకసారి చూసుకో. కానీ దాన్ని బిగించుకున్నంత మాత్రాన స్టిక్కర్ మీద అంకె పెరగదు. వెనక స్ప్రింగుల్లో ఎయిర్‌బ్యాగులు వేయించినా అంతే, ట్రక్కు ఎత్తుగా నిలబడి చూడ్డానికి బాగుంటుంది, ఆక్సిల్, టైర్లు, బ్రేకులు పాతవే కదా. ఈ విషయంలో షాపు వాళ్ల మాటలు ఒక చెవితో విని వదిలెయ్యి.

మాన్యువల్ తీసినప్పుడు ఫ్రంటల్ ఏరియా, అంటే గాలికి ఎదురుగా నిలిచే ట్రైలర్ ముందు భాగం వైశాల్యం, దానికి పరిమితి ఉందేమో కూడా చూడు. ఎనిమిది అడుగుల వెడల్పు గోడను గాలికి ఎదురుగా లాగుతున్నావు, అదే బరువున్న పడవ లాగడం దీనిముందు ఏపాటి పని! మైలేజ్ సగానికి పడిపోతే ట్రక్కుకేదో అయిందని కంగారు పడకు.

దిగడం ఎక్కడం కంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. ఎక్కేటప్పుడు బండి నెమ్మదించి ఇంజిన్ గోల పెడుతుంది, అంతే. దిగేటప్పుడు వాలు మొదలవకముందే ట్రైలర్ లాగేటప్పుడు వాడే టో హాల్ మోడ్ వేసి, గేరు తగ్గించి, ఇంజిన్‌తోనే వేగం పట్టు. బ్రేకు మీద కాలు అలాగే ఆనించి ఉంచితే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత కాలు వేసినా పట్టదు. వేగం అతిగా పోతోందనిపిస్తే గట్టిగా ఒకసారి తొక్కి తగ్గించి వదిలెయ్యి, మళ్లీ అవసరమైతే మళ్లీ. మామూలు రోడ్డు మీద కూడా 60, 62 దాటకు. ట్రైలర్లకే చేసే ఎస్‌టీ రకం టైర్లు కొన్నిటికి గంటకి 65 మైళ్లే హద్దు. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగేవాళ్లకి చట్టమే 55 అంటుంది.

కొనేశాక మొదటి ట్రిప్పుకి సామానంతా నింపి, మీ నలుగురూ కూర్చుని, ముందుగా ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ స్కేల్ అనే పెద్ద కాటా మీదికి బండిని ఎక్కించు. ట్రక్కు ముందు ఆక్సిల్, వెనక ఆక్సిల్, ట్రైలర్ ఆక్సిల్ విడివిడిగా తూచి చీటీ ఇస్తుంది. మొదటి రెండూ కలిపి ట్రక్కు జీవీడబ్ల్యూఆర్, అంటే ట్రక్కు మొత్తం బరువుకి కంపెనీ పెట్టిన పరిమితి, దాని లోపుండాలి. వెనక ఆక్సిల్‌కి విడిగా రాసిన పరిమితి కూడా దాటకూడదు. ఎక్కువొస్తే నీళ్ల ట్యాంకు ఖాళీ చెయ్యి, దిగిన చోట నింపుకోవచ్చు. అక్కడ్నించి కొంచెం దూరం పోయాక ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించు, కొత్త ట్రైలర్‌కి అవి కాస్త వదులవుతాయి.

డబ్బు కట్టే ముందు ట్రక్కు తలుపు స్టిక్కర్, ట్రైలర్ మీది స్టిక్కర్ రెండింటి ఫొటోలూ నాకు పంపు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ లెక్క వేద్దాం. అడ్వాన్సు కట్టమని తొందరపెడితే అమ్మాయినడిగి చెప్తానను. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు.

ఇట్లు,
మీ బాబాయి