టోక్యో బ్యాండు, షికాగో టేపు

ప్రశ్న: జపాన్ రాక్ బ్యాండ్ 'మోనో' అమెరికా వెళ్లి టేపు మీద ఆల్బమ్‌లు రికార్డు చేసిందట. దేనికి? వాళ్ల ఆంప్లిఫయర్లు అక్కడి కరెంటుకు ఆగుతాయా?

జవాబు: స్టీవ్ ఆల్బినీ అనే సౌండ్ ఇంజినీరు కోసం. షికాగోలో ఆయన నెలకొల్పిన ఎలక్ట్రికల్ ఆడియో స్టూడియోలోనే 2006, 2009లో వచ్చిన ఆల్బమ్‌లు రికార్డయ్యాయి. బ్యాండు మొత్తం ఒకేసారి వాయిస్తుంటే ఆ గది మోతతో సహా పట్టుకోవడం ఆయన పద్ధతిగా ఉండేది.

టేపుతో అసలు చిక్కు నిడివి. రెండంగుళాల వెడల్పున్న 24 ట్రాకుల రీలు 2,500 అడుగులు ఉంటుంది. సెకనుకు 30 అంగుళాల వేగంతో తిప్పితే 16 నిమిషాల 40 సెకన్లకే ఖాళీ. పాట 10 నిమిషాలు దాటితే రీలుకు ఒక్క టేకే (ఒక్కసారి వాయించినదే)! వేగాన్ని 15కు తగ్గిస్తే 33 నిమిషాలు వస్తుంది, కానీ టేపు సొద పెరుగుతుంది. అయినా బిగ్గరగా వాయించే బ్యాండుకు అదేమంత నష్టం కాదు.

ఇక కరెంటు. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120. ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, మోసం అక్కడే. వాల్వులనే గాజు గొట్టాలతో పనిచేసే ఆంప్‌లో, 6.3 వోల్టులు అందాల్సిన హీటరుకు (వాల్వును లోపల వేడిచేసే తీగకు) 7.5 దాటి అందుతుంది. వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది, కెపాసిటర్లూ పేలొచ్చు. 120 నుంచి 100కు దించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఆంప్ లాగే వాట్లు 300 అయితే 500 వాట్లది తీసుకోండి. స్పీకరు మీద రాసిన వాట్లు కాదు, వెనక పలక మీదవి చూడాలి. ఆంప్ లోపలే 120కి మార్చే ట్యాపు (వోల్టేజిని ఎంచుకునే కనెక్షన్) ఉంటే ఇదేదీ అక్కర్లేదు.