స్టోన్‌హెంజ్‌లో కొన్ని రాళ్లే ఎందుకు పడ్డాయి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ ఫొటోల్లో కొన్ని రాళ్లు నిటారుగా ఉన్నాయి, కొన్ని పడి ఉన్నాయి. అన్నీ ఒకేలా పాతినవే కదా, ఈ తేడా ఎందుకు?

జవాబు: అన్నీ ఒకేలా పాతలేదండీ. అడ్డరాళ్లు మట్టంగా కూర్చోవాలంటే వాటిని మోసే నిలువు రాళ్ల తలలు సమంగా ఉండాలి. దొరికిన రాళ్లేమో ఒక్కోటి ఒక్కో పొడవు. అందుకే పొట్టి రాయికి గుంట లోతు తగ్గించారు. నడిమధ్యనున్న అతిపెద్ద జంటకు ముప్పు తెచ్చింది అదే. నిలిచిన రాయి నేలపైన 6.7 మీటర్లు, లోపల మరో 2.4 మీటర్లు ఉంది. జోడురాయి పొట్టిది, పాతిన లోతు చాలలేదు. ఇప్పుడది రెండు ముక్కలై పడి ఉంది. నిలిచినదాని నెత్తిన బొడిపె ఒకటి కనిపిస్తుంది, చూడండి. అడ్డరాయి అడుగున చెక్కిన గుంటలో అది దిగి బిగుస్తుంది. అచ్చంగా వడ్రంగి పని, రాతి మీద చేశారు.

గుంటలను సుద్దనేలలో జింక కొమ్ములతో తవ్వారు. ఒక పక్క ఏటవాలు, ఎదుటి పక్క నిట్టనిలువు. ఏటవాలు మీదుగా రాయి అడుగు భాగం జారి దిగాక, తాళ్లతో లాగి నిలబెట్టి, చుట్టూ రాళ్లూ సుద్దా దట్టించాలి. ఆ దట్టింపు వదులైతే ఎంత బరువైన రాయైనా ఒరుగుతుంది. 1797లో ఒక జంట అడ్డరాయితో సహా కూలింది. 1958లో దాన్ని తిరిగి లేపారు. కాబట్టి ఇవాళ నిలబడి ఉన్నవన్నీ నాటి నుంచీ అలాగే ఉన్నాయనుకోకండి.

ప్రశ్న: రాళ్లు కాక అక్కడ చూడాల్సినవి ఏమిటి?

జవాబు: రాళ్ల దగ్గరే ఆగితే సగమే చూసినట్టు. దాదాపు 3 కిలోమీటర్ల పొడవున సాగే కర్సస్ అనే కందకాల జంట, ఆ పెద్ద రాళ్ల కంటే వెయ్యేళ్లు పాతది. అవెన్యూ అనే దారి వలయం నుంచి వేసవి ఆయనాంతపు సూర్యోదయం దిక్కుగా బయలుదేరి, తర్వాత మలుపు తిరిగి ఏవన్ నదికి చేరుతుంది. రెంటినీ గడ్డిలో పోల్చుకోవడం కష్టమే. ఎండ వాలుగా పడే పొద్దున, సాయంత్రం వేళల్లో గట్ల నీడలు తేలతాయి, అప్పుడు వెళ్లండి. ఈశాన్యంగా 3 కిలోమీటర్ల దూరంలో డరింగ్టన్ వాల్స్ అనే ప్రాచీన నివాస స్థలం ఉంది. అక్కడ దొరికిన పంది పళ్లలో చాలావాటి వయసు సుమారు తొమ్మిది నెలలు. వసంతంలో పుట్టిన పందులనుకుంటే, వాటిని కోసి తిన్న విందులు నడిచలికాలంలో జరిగాయన్నమాట. ఇది డ్రూయిడ్ల (ప్రాచీన కెల్ట్ జాతుల పూజారుల) గుడి అన్న మాట మాత్రం వదిలేయండి. వాళ్ల ప్రస్తావన చరిత్రలోకి వచ్చేసరికే ఈ రాళ్లకు రెండువేల ఏళ్లు దాటాయి.