గ్యాస్ నింపించే ముందు రెసిస్టర్ చూడు

అల్లుడా,

కారు ఏసీ ఫ్యాను నాలుగులో పెడితేనే తిరుగుతోందని, ఒకటి, రెండు, మూడులో ఉలుకూ పలుకూ లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గ్యాస్ నింపించడానికి ములుగు రోడ్డుకు పోతానంటున్నావట. కొంచెం ఆగు.

గ్యాస్‌కూ ఫ్యాను స్పీడుకూ సంబంధం లేదు. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది, చల్లదనం ఉండదు. నీకు నాలుగులో చల్లగానే వస్తోంది కదా! పైగా అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

పోయింది బ్లోయర్ రెసిస్టర్ అయి ఉంటుంది, అంటే ఏసీ ఫ్యానుకు (బ్లోయర్‌కు) పోయే కరెంటును తగ్గించే చిన్న భాగం. తక్కువ స్పీడుల్లో కరెంటు దాని గుండా పోతుంది, నాలుగులో నేరుగా మోటారుకు పోతుంది. అందుకే నాలుగు ఒక్కటే మిగిలింది. నాలుగులో కూడా తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడాల్సి వచ్చేది.

చాలా కార్లలో అది ఎడమవైపు గ్లవ్ బాక్స్ వెనుక ఉంటుంది. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్. రెసిస్టర్ విప్పాక కనెక్టర్ పట్టి చూడు. ప్లాస్టిక్ కరిగినా, పిన్నులు నల్లబడినా అది కూడా మార్చాలి. లూజు కాంటాక్ట్ వేడెక్కి కొత్తదాన్నీ కాల్చేస్తుంది. పాతది చేతిలో పట్టుకునే షాపుకు పో, పిన్నులు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి.

అసలు అది ఎందుకు కాలిందో తెలుసుకోకుండా మాత్రం కొత్తది బిగించకు. రెసిస్టర్ పనిచేస్తుంటే వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చేది బ్లోయర్ గాలే. మీ కారు ఏళ్లుగా వేపచెట్టు కిందే ఉంటోంది. అద్దం కింది జాలీలోంచి ఆకులు లోపలికి పోయి ఫ్యానులో చిక్కుకుంటాయి. గాలి తగ్గుతుంది, మోటారు బరువెక్కి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆకులు తీసి, ఫిల్టర్ ఉంటే దుమ్ము దులుపు. ఫ్యానును వేలితో తిప్పు. తేలిగ్గా తిరగాలి. బిగుతుగా ఉన్నా, కీచుమన్నా మోటారు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకో.

రెసిస్టర్‌లో కాలిన చిన్న ఫ్యూజు దగ్గర వైరు ముక్క అతికించి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు బిడ్డా. వేడి మితిమీరితే ఆపేది ఆ ఫ్యూజే. అది లేకపోతే డాష్‌బోర్డు లోపల మంటలు లేచే ప్రమాదం ఉంది. వెనక సీట్లో పిల్లలుంటారు. ఫ్యూజ్ బాక్సులో కూడా రాసిన ఆంపియర్ కంటే పెద్దది పెట్టనివ్వకు.

ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే మొదలుపెట్టు. విప్పగానే కనెక్టర్ ఫోటో పంపు, మార్చాలో వద్దో చూసి చెప్తా.

మీ మామ