మలావీ వెళ్తున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

ప్రభువు నామంలో నీకూ అల్లుడుగారికీ వందనాలు. నువ్వు ఆఫ్రికాలోని మలావీలో మిషన్ ఆసుపత్రికి నర్సుగా, అతను అక్కడి ప్రైమరీ స్కూలుకి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో! ఆ దేశంలో ఏళ్లపాటు వార్డుల్లో పనిచేసినదాన్ని కాబట్టి నీకు అక్కరకొచ్చే సంగతులు రాస్తున్నాను.

మన సంఘం వాళ్లు అక్కడ సొంతంగా ఒక క్లినిక్ కట్టి బోర్డు పెట్టాలని ఉత్సాహపడుతున్నారట. వద్దని నా మాటగా చెప్పు. 1875లో స్కాట్లాండ్ నుంచి రాబర్ట్ లాస్ ఉన్న మిషనరీ బృందం మలావీ సరస్సు ఒడ్డుకు వచ్చినప్పటి నుంచి అక్కడ మిషన్ పని సాగుతూనే ఉంది. ఇప్పుడు చర్చిల ఆసుపత్రులన్నిటికీ కలిపి 'చామ్' అనే సంస్థ ఉంది. దేశంలో వైద్యసేవల్లో సుమారు మూడో వంతు వాటి చేతుల మీదుగానే జరుగుతుంది, అదీ ఎక్కువగా పల్లెల్లో. నడిపేది మలావీ వాళ్లే. వాళ్ల మేట్రన్ కింద, వాళ్ల డ్యూటీ చార్టు ప్రకారం పనిచెయ్యి.

డబ్బు పంపేవాళ్లకి ఒక విషయం తప్పకుండా అర్థమయ్యేలా చెప్పాలి. అక్కడ ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం, మిషన్ ఆసుపత్రిలో ఫీజు ఉంటుంది. సిబ్బంది జీతాలు చాలావరకు ప్రభుత్వమే ఇస్తుంది. ఒప్పందం ఉన్న చోట కాన్పుల ఖర్చూ అదే భరిస్తుంది. కానీ పిల్లాడికి జ్వరమొస్తే తల్లి చేతి నుంచే పెట్టుకోవాలి. వానాకాలంలో మలేరియా విరుచుకుపడుతుంది. సరిగ్గా అప్పుడే, అంటే జనవరి నుంచి మార్చి దాకా, పాత మొక్కజొన్న అయిపోయి కొత్త పంట ఇంకా ఇంటికి రాదు. చేతిలో డబ్బుండదు. 'ఇంకో రోజు చూద్దాం' అనుకుని ఆ తల్లి ఆగుతుంది. ఆ ఒక్క రోజులోనే ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తం ఎంత పడిపోతుందో నువ్వే చూస్తావు. సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేసరికి పెదాలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. అప్పుడు వెంటనే రక్తం ఎక్కించాలి, ఆ గ్రూపు రక్తం దొరకాలి. అందుకని మన సంఘం నిజంగా ప్రాణాలు కాపాడాలనుకుంటే, ఫీజు కట్టలేని పిల్లల కోసం ఆసుపత్రిలో ఒక నిధి పెట్టించండి. ఎవరికివ్వాలో అక్కడివాళ్లే నిర్ణయిస్తారు. గోడ మీద పేరు రాయడానికి వీలుండదు గనుక దాతలు కాస్త వెనకాడతారు. అయినా పట్టుపట్టు తల్లీ.

రోగి వెంట ఇంటి నుంచి ఒకరు వచ్చి వండిపెట్టడం, బట్టలుతకడం అక్కడ పద్ధతి. వాళ్లుండే చోటుని గార్డియన్ షెల్టర్ అంటారు. అక్కడ కప్పు కారుతున్నా, నీళ్లు లేకపోయినా ఎవరికీ పట్టదు. వెళ్లిన వారంలోనే అటు వెళ్లి చూడు.

సూట్‌కేసు నిండా మందులు మోసుకెళ్లకు. గడువు దాటినవీ, లేబుల్ ఎవరికీ అర్థం కానివీ దానంగా వచ్చి గది నిండా పడి ఉండటం కళ్లారా చూశాను. కరెంటు నిలకడ లేని చోటికి స్పేర్ పార్టులు దొరకని మెషీన్ పంపినా అంతే. ఏం కావాలో ముందు ఫార్మసీ వాళ్లని అడిగి కొను.

ఇక బడి సంగతి. 1994లో ప్రైమరీ చదువుకి ఫీజులు తీసేశారు. పిల్లలు వరదలా వచ్చి చేరారు గానీ గదులూ టీచర్లూ అంతగా పెరగలేదు. స్టాండర్డ్ వన్‌లో ఒకే టీచర్ ముందు వంద మందికి పైగా కూర్చుంటారు, కొన్నిచోట్ల చెట్టు కిందే. అల్లుడుగారు తానే క్లాసు తీసుకుని మెప్పు పొందాలని చూడకుండా, ఆ టీచర్ పక్కన నిలబడి చదవలేకపోతున్న పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టుకుంటే చాలు.

ఆకలితో ఉన్న పిల్లకి అక్షరం ఎక్కదు. మొక్కజొన్న, సోయా పిండితో కాచే లికుని ఫాలా అనే జావ అక్కడి బడుల్లో పోస్తారు. మేరీస్ మీల్స్ సంస్థ 2002లో సుమారు 200 మంది పిల్లలతో ఈ పని మొదలుపెట్టింది. ఇప్పుడు మలావీలోనే 10 లక్షల మందికి పైగా పిల్లలకు పెడుతోంది. తెల్లవారకముందే వచ్చి పొయ్యి రాజేసేది ఆ ఊరి తల్లులే, వంతులవారీగా. మీ బడిలో జావ లేకపోతే ముందు దాని గురించే ఆలోచించండి, పుస్తకాల సంచులు తర్వాత.

ఆడపిల్లల కోసం తలుపున్న మరుగుదొడ్డి, నీళ్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే నెలనెలా కొన్ని రోజులు బడి మానేస్తారు, ఆ తర్వాత పూర్తిగా మానేస్తారు. పెళ్లి వయసు 18 అని 2017లో రాజ్యాంగాన్నే సవరించారు, అయినా పల్లెల్లో తొందరపడతారు. బిడ్డను కన్న అమ్మాయి తిరిగి బడికి రావచ్చని 1993 నుంచే నియమం ఉంది. ఆమె ఇంటికి వెళ్లి ఒప్పించి తీసుకొచ్చేది మదర్ గ్రూపులు, అంటే బడి కోసం పనిచేసే ఊరి తల్లుల బృందాలు. ఆ తల్లులతో స్నేహం చెయ్యి.

సువార్త గురించి అడిగావు. అక్కడ ఎక్కువమంది క్రైస్తవులే. డ్యూటీ మొదలవకముందు పాడి ప్రార్థించేది వాళ్లే, నువ్వు వెళ్లి వాళ్లతో కలిసి పాడతావు. సరస్సు దక్షిణాన ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. మందుకీ జావకీ ప్రార్థనతో ఎప్పుడూ ముడిపెట్టకు. అలా ముడిపెట్టిన సాయాన్ని ప్రభువు పేరుతో చేశామని చెప్పుకోకూడదు. తర్వాత మన దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మిషనరీల ముఖం మీదే అడిగారు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని. అప్పుడు అడిగింది మనం. ఇప్పుడు వెళ్తున్నది మనం. వాళ్లింట్లో కూర్చుని న్సిమా తిను, మన సంగటిలాగే ఉంటుంది. వాళ్ల భాష చిచెవాలో 'ములి బ్వాంజి' (ఎలా ఉన్నారు) అని పలకరించి, జవాబు పూర్తయ్యేదాకా నిలబడు. హడావిడిగా పని మాట ఎత్తితే మర్యాద లేదనుకుంటారు.

సంఘానికి ఫోటోలు పంపాల్సి వస్తుంది. జబ్బు పడ్డ పిల్లల మొహాలు మాత్రం పంపకు.

బయల్దేరేలోపు అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, వర్క్ పర్మిట్ కాగితాలు పూర్తి చేసుకో. అవి లేకుండా రోగిని ముట్టుకోకు. మలేరియా మాత్రలు ఏవి వాడాలో డాక్టరుతో మాట్లాడి ప్రయాణానికి ముందే మొదలుపెట్టు. సరస్సు ఎంత అందంగా ఉన్నా ఒడ్డున నిలవ నీళ్లలో దిగొద్దు, ఆ నీళ్లలోని పురుగుల వల్ల బిల్హార్జియా అనే జబ్బు వస్తుంది. దోమతెర ఇద్దరికీ సరిపోయేది తీసుకో. టిక్కెట్లు ఖాయమయ్యాక ఒక్కసారి ఫోన్ చెయ్యి, అక్కడి మేట్రన్‌ని ఏమేం అడగాలో కూర్చుని రాసుకుందాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ