మీరు అడిగారు: ఊరూరా తిరిగిన పోతుగుర్రం

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో తొలితరం వలస రైతుల గురించి పోయిన సంచికలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గుర్రాల మీదే ఉన్నాయి. అందుకే ఈసారి మిగతా విషయాలు పక్కన పెట్టి వాటికే జవాబులు ఇస్తున్నాను.

సౌత్‌లాండ్‌లో ఒక డెయిరీ ఫారంలో పనిచేస్తున్నాను. మా యజమాని ఇంట్లో 1880ల నాటి పేపరు ముక్క ఒకటి ఫ్రేము కట్టి ఉంది. ఫలానా క్లైడ్స్‌డేల్ పోతుగుర్రం ఈ సీజనుకు ఫలానా చోట నిలుస్తుంది, ఫలానా ఊళ్ల మీదుగా తిరుగుతుంది, 3 పౌండ్లు, గ్రూముకు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) 5 షిల్లింగులు, కింద ఇంకేవో షరతులు. గుర్రం ఊళ్లు తిరగడం ఏమిటి? (ఇన్వర్‌కార్గిల్ దగ్గర నుంచి ఒక పాఠకురాలు)

ఒటాగో, సౌత్‌లాండ్ ప్రాంతాల్లో స్థిరపడ్డవాళ్లలో స్కాట్లండ్ జనం ఎక్కువ. డనీడిన్ దగ్గర 1848లో మొదటి ఓడలు దిగాయి, 1861లో గేబ్రియల్స్ గల్లీలో బంగారం పడ్డాక బళ్లకూ పొలాలకూ బరువు లాగే గుర్రాల అవసరం ఒక్కసారిగా పెరిగిపోయింది. స్కాట్లండ్‌లో వాళ్లకు తెలిసిన బరువు గుర్రం క్లైడ్స్‌డేల్. కాళ్ల కింద గుబురు వెంట్రుకలు, టన్నుకు కాస్త తక్కువ బరువు, తడి నేలలో కూడా నాగలి లాగే బలం. కానీ మంచి జాతి పోతును స్కాట్లండ్ నుంచి తెప్పించాలంటే కొన్ని వందల పౌండ్లు కావాలి, పైగా తెరచాప ఓడలో మూడు నెలల ప్రయాణం, దారిలో చచ్చిపోతే అంతే. పొలంలో పనిచేసే మనిషికి వారానికి తిండి, బస పోను ఒక పౌండు అటూ ఇటూ వచ్చే రోజులవి. నాలుగు గుర్రాలతో సేద్యం చేసుకునే రైతు అలాంటి పోతును కొనే మాటే లేదు. అందుకని డబ్బున్నవాడు ఒకడు కొనేవాడు, వసంతకాలం రాగానే ఒక మనిషి చేతికి కళ్లెం ఇచ్చి, రైతుల ఆడగుర్రాలకు కట్టించడానికి ఊళ్ల మీదికి పంపేవాడు. సోమవారం ఒక ఊరు, మంగళవారం మధ్యాహ్నం ఇంకో ఊరి హోటలు లాయం, రాత్రికి ఇంకెవరి కొట్టమో, శనివారానికి మళ్లీ ఇంటికి. వారం వారం అదే దారి. ఆ పట్టికే మీరు చూసిన ప్రకటన.

ఇప్పుడు మీరు పట్టించుకోని ఆ కింది షరతుల దగ్గరికి వస్తాను. నాకు ఈ ప్రకటనల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ భాగమే. పైన గుర్రం తండ్రి ఎవరు, తాత ఎవరు, ఏ షోలో బహుమతి కొట్టింది అన్నదంతా పొగడ్త, ఎవరైనా రాసుకోవచ్చు. కింద ఉన్నది మాత్రం అనుభవం మీద రాసింది. ‘పోతుకు చూపించిన ప్రతి ఆడగుర్రానికీ ఫీజు పడుతుంది’ అని ఉంటుంది. ఎందుకంటే ఈ పోతుకు ఒకసారి కట్టించి, చూడి నిలవకపోతే చెప్పకుండా పక్కూరి పోతు దగ్గరికి తోలుకెళ్లి, ‘నీ గుర్రం వల్ల రాలేదు’ అని డబ్బు ఎగ్గొట్టిన రైతులు ఉండేవాళ్లు. ‘అమ్మినా, మార్చుకున్నా ఆడగుర్రం చూడిదనే లెక్క’ అన్నది ఇంకో షరతు. అమ్మేసిన గుర్రం ఈనిందో లేదో ఎవడు వెళ్లి చూస్తాడు, అందుకని. ‘శక్తి మేరకు చూసుకుంటాం, ఏదైనా జరిగితే బాధ్యత మాది కాదు’ అన్న వాక్యం, మీ గుర్రాన్ని పోతు యజమాని పచ్చిక బయల్లో వదిలినప్పుడు కంచెకు చీరుకున్నా, ఇంకో గుర్రం తన్ని కాలు విరిగినా పరిహారం అడగొద్దని. ఆ మేతకు వారానికి షిల్లింగో షిల్లింగున్నరో వేరే. ప్రతి షరతు వెనకా అంతకుముందు జరిగిన తగాదా ఒకటి ఉంటుంది, అలా చదవండి, ఆ జిల్లా జనం ఎలా బతికారో పొగడ్తల కంటే బాగా తెలుస్తుంది.

డబ్బు విషయం కూడా చూడండి. గ్రూము డబ్బు మొదటిరోజే చేతిలో పెట్టాలి, అసలు ఫీజు మాత్రం జనవరిలోనో ఫిబ్రవరిలోనో. అంటే సీజనంతా పోతు యజమాని రైతుకు అప్పు ఇస్తున్నట్టే. కొన్నిచోట్ల రెండు రేట్లు ఉండేవి: సీజనుకైతే తక్కువ, పిల్ల పుడితేనే ఇచ్చేట్టయితే ఎక్కువ. రెండోదాంట్లో నష్టభయం యజమానిది, అందుకే రేటు ఎక్కువ. చేతిలో పైసా ఆడని రైతుకు ఆ రెండో దారి ఎంత ఊరటో ఆలోచించండి.

వెటర్నరీ చదువుతున్నాను. వారం వారం అదే దారిలో తిప్పడానికి కారణం ఉందా, లేక ఊరికే వాడుకా? (వరంగల్)

ఉంది, అదీ పక్కా లెక్క. మీకు పాఠాల్లో వచ్చే ఉంటుంది, ఆడగుర్రం సుమారు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది, ఎద ఐదారు రోజులు ఉంటుంది. వారానికోసారి పోతు వస్తే ఎద చేజారడం తక్కువ. కట్టించిన మూడోవారం మళ్లీ చూపిస్తే, తన్ని, చెవులు వెనక్కి పెట్టి, అరిచి గోల చేసిందంటే చూడి నిలిచినట్టు అనుకునేవాళ్లు. స్కానింగు లేని రోజుల్లో పరీక్ష అదే. మధ్యలో గట్టి కర్ర కంచె ఉంచి చూపించేవాళ్లు, లేకపోతే పోతుకు తన్నులే. ఈనిన వారం పదిరోజులకు వచ్చే మొదటి ఎదను కూడా వదిలేవాళ్లు కాదు, ఎందుకంటే గర్భం 11 నెలలు, ఈ ఏడు ఆలస్యమైతే వచ్చే ఏడు పిల్ల వేసవిలో పడుతుంది. అక్కడ వసంతం సెప్టెంబరులో మొదలవుతుంది కనుక ప్రకటనలన్నీ ఆగస్టు నుంచి కనిపిస్తాయి, డిసెంబరు దాటితే ఆగిపోతాయి. పిల్ల లేత పచ్చికలోకి పుట్టాలి, తల్లికి పాలు పడాలి, అదొక్కటే లక్ష్యం. ఇంత చేసినా కట్టించినవన్నీ ఈనేవి కావు. పశువులతో పోలిస్తే గుర్రంలో చూడి నిలవడం కష్టం, పైగా ఆ ఆడగుర్రాలు పొద్దంతా నాగలి లాగుతున్నవి.

మా ఊళ్లో దేవుడికి వదిలిన ఆబోతు ఊరందరి ఆవులకూ ఉమ్మడిగా ఉండేది, ఎవరూ పైసా అడగలేదు. వాళ్లకు ఆ ఆలోచన రాలేదా? (నంద్యాల దగ్గర రైతు)

మంచి ప్రశ్న వేశారు. పోతుగుర్రాన్ని ఊరి మీద వదిలేయడం కుదరదండీ, ఇంకో పోతు కనిపిస్తే చంపుకునేదాకా కొట్లాడుకుంటాయి, అక్కడి పొలాలన్నీ కంచెలు కట్టినవి కూడా. అయితే ఉమ్మడి ఆలోచన స్కాట్లండ్‌లో ఉంది. గ్లాస్గోలో ఏటా జరిగే పోతుల షోకు జిల్లా రైతు సంఘాలు వెళ్లి ఒక గుర్రాన్ని ఎంచుకుని ఆ సీజనుకు అద్దెకు తెచ్చుకునేవి, ఇన్ని ఆడగుర్రాలు తప్పకుండా వస్తాయని యజమానికి మాట ఇచ్చేవి. న్యూజిలాండ్‌లో ఎక్కువగా సొంత యజమానులే, లేదా ఇద్దరు ముగ్గురు కలిసి కొన్నవాళ్లు. నా అభిప్రాయం అడిగితే సంఘం పద్ధతే మేలు, ఎందుకంటే గుర్రాన్ని ముందు నలుగురు తెలిసినవాళ్లు చూస్తారు. ఒంటరి రైతు పేపరు చదివి, గేటు దగ్గర పది నిమిషాలు చూసి తేల్చుకోవాల్సి వచ్చేది.

ఇందులో మోసాలు జరిగేవా? (గుంటూరు)

జరిగేవి, మోసం కాని నష్టం ఇంకా ఎక్కువ జరిగేది. గుర్రప్పిల్ల పనికి రావడానికి మూడేళ్లు. అంటే ఈ వసంతంలో కట్టిస్తే పిల్ల పుట్టడానికి ఏడాది, పెరగడానికి మూడేళ్లు, నాలుగేళ్ల తర్వాత గానీ నాగలికి కట్టి చూడలేరు. అప్పటికి గిట్ట పైన ఎముక పెరిగి కుంటడమో, పరిగెత్తితే గొంతులో గుర్రుమని చప్పుడు రావడమో, వెనక కాలు కొట్టుకున్నట్టు పైకి లేవడమో బయటపడితే, ఆ లోపం తండ్రి నుంచి వచ్చిందేమో అని అనుమానం వస్తుంది. కానీ ఆ తండ్రి అప్పటికే అమ్ముడుపోయి ఇంకో జిల్లాలో తిరుగుతుంటుంది! అది మరీ బాధ. రైతు ఇవాళ డబ్బు ఇచ్చి, నాలుగేళ్ల తర్వాత ఏం కొన్నాడో తెలుసుకోవాలి. చివరికి బ్రిటన్‌లో 1918లో గుర్రాల పెంపకం చట్టం తెచ్చి, ఊళ్లు తిరిగే పోతుకు లైసెన్సు ఉండాలన్నారు. కంటిశుక్లం, గురక, గిట్టల దగ్గర ఎముక పెరుగుదల లాంటివి ఉంటే లైసెన్సు రాదు. ఈ పని యాభై ఏళ్ల ముందే జరగాల్సింది.

అలాగని అన్నీ చేదు కథలే కావు. మస్కెట్ అనే ఇంగ్లండ్ రేసు గుర్రాన్ని 1870ల చివర ఆక్లాండ్ తీసుకొచ్చి, బళ్లకు కట్టే గుర్రాలు పుట్టించడానికి మామూలు ఆడగుర్రాలకు వాడారు. తర్వాత మంచి ఆడగుర్రాలను తెచ్చి కట్టిస్తే 1885లో కార్బైన్ పుట్టింది. అది 1890 మెల్బోర్న్ కప్పులో 66 కిలోల దాకా బరువు మోస్తూ, 39 గుర్రాల పందెంలో గెలిచింది. 1895లో 13,000 గినీలకు ఇంగ్లండ్ వెళ్లి అక్కడే పోతుగా నిలిచింది. బండి గుర్రాల కోసం తెచ్చిన తండ్రికి పుట్టిన బిడ్డ!

ఆ దేశాల గుర్రాలు మద్రాసులో దిగేవని మా తాతగారు చెప్పేవారు, నిజమేనా? (సికింద్రాబాద్)

నిజమే. అయితే అవి ఎక్కువగా ఆస్ట్రేలియావి, వేలర్లంటారు. బ్రిటిష్ ఇండియా సైన్యానికి స్వారీకీ ఫిరంగులు లాగడానికీ వేలల్లో కొన్నారు, వాటిని దింపిన ముఖ్య రేవుల్లో కలకత్తాతో పాటు మద్రాసు ఒకటి. సైన్యం తీసుకున్నవి తీసుకోగా మిగిలినవి బండి గుర్రాలుగా అమ్ముడయ్యేవి. బెంగళూరు దగ్గర హోసూరులో సైనిక గుర్రాల డిపో ఉండేది. మీ సికింద్రాబాద్ కంటోన్మెంటు లాయాలకు కూడా ఇలాంటి గుర్రాలు కావలసి వచ్చేవి. ఇవి క్లైడ్స్‌డేల్ పిల్లలు కావు, రేసు జాతి పోతులను మామూలు ఆడగుర్రాలకు కట్టించి పుట్టించినవి. కాబట్టి అక్కడి రైతు తేలిక రకం పోతుకు ఫీజు కట్టేటప్పుడు, మన దేశపు సైన్యం కొంటుందా లేదా అన్నది కూడా లెక్కలోకి వచ్చేది.

ఇదంతా ఎప్పుడు ఆగింది? పాత ప్రకటనలు ఎక్కడ చూడొచ్చు? (ఆక్లాండ్)

న్యూజిలాండ్‌లో గుర్రాల సంఖ్య 1911లో 4 లక్షలు దాటింది, అదే గరిష్ఠం. అప్పటి జనాభాలో ఇద్దరు ముగ్గురికి ఒక గుర్రం అన్నమాట. అక్కడి క్లైడ్స్‌డేల్ సొసైటీ కూడా అదే ఏడు పుట్టింది. తర్వాత లారీలు, ట్రాక్టర్లు వచ్చి మెల్లగా తగ్గాయి, గుర్రాల కోసం వేసే ఓట్సు పొలాలు కూడా తగ్గాయి. చూడాలంటే అక్కడి నేషనల్ లైబ్రరీ నడిపే పేపర్స్ పాస్ట్‌లో పాత పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. ఒటాగో విట్‌నెస్, సౌత్‌లాండ్ టైమ్స్, బ్రూస్ హెరాల్డ్ తీసుకోండి, సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఎంచుకోండి, గుర్రం పేరుతో వెతకండి. ఒకే గుర్రం ప్రకటన వరుసగా మూడు నాలుగేళ్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి: ఫీజు పెరిగిందా, దారి మారిందా, యజమాని మారాడా. ఫీజు తగ్గి దారి దూరమైందంటే, ఆ చుట్టుపక్కల దాని పిల్లలను జనం అప్పటికే చూసేశారని అనుకోవచ్చు.