ఎలైసాలో రంగు ముదురుగా వస్తే అఫ్లటాక్సిన్ ఎక్కువున్నట్టా?

కాదు, తక్కువున్నట్టు. అఫ్లటాక్సిన్ అంటే గింజలకు పట్టే బూజు వదిలే విషం. ఎలైసా అంటే యాంటీబాడీలతో, అంటే ఒక పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లతో, దాన్ని కొలిచే పరీక్ష. ఇందులో ఒక రకమైన అఫ్లటాక్సిన్ బీ1 చాలా చిన్న అణువు, అణుభారం సుమారు 312. దాన్ని ఒకేసారి రెండు యాంటీబాడీలు పట్టుకునేంత చోటుండదు. అందుకే పోటీ పద్ధతి వాడతారు. నమూనాలోని విషం, రంగు తెప్పించే ఎంజైమ్ తగిలించిన విషం రెండూ ప్లేటు గుంటలో ఉన్న కొద్దిపాటి యాంటీబాడీ కోసం పోటీపడతాయి. నమూనాలో విషం ఎక్కువుంటే ఎంజైమ్ తగిలించినదానికి చోటు దొరక్క, అది కడిగిన నీళ్లతో పోతుంది, రంగు పలచబడుతుంది.

సాధారణంగా మెత్తగా పొడిచేసిన 20 గ్రాముల నమూనాను 100 మి.లీ. 70 శాతం మిథనాల్‌లో బాగా కుదిపి వడకడతారు. ఆ ద్రవాన్ని కిట్‌లో చెప్పినంత పలచన చేయాల్సిందే. మిథనాల్ ఎక్కువ మిగిలితే యాంటీబాడీ పట్టు సడలి, లేని విషం ఉన్నట్టు కనిపిస్తుంది. చివర్లో టీఎంబీ (ఎంజైమ్ తగిలితే రంగు మారే రసాయనం) వేస్తే నీలం వస్తుంది. ఆమ్లంతో ఆపితే పసుపుగా మారుతుంది, ఆ రంగు గాఢతను 450 నానోమీటర్ల కాంతి వద్ద చదవాలి.

గుంటలు సరిగ్గా కడగకపోవడం ఇంకా ప్రమాదం: మిగిలిపోయిన ఎంజైమ్ రంగు పెంచి, ఉన్న విషాన్ని దాచేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కిట్‌ను గది ఉష్ణోగ్రతకు రానివ్వకపోయినా అంకెలు అటూఇటూ అవుతాయి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మాత్రం ప్లేటు దాకా రాకముందే జరుగుతుంది. బస్తాలో విషం కొన్ని గింజల్లోనే పేరుకుంటుంది. పైనుంచి గుప్పెడు తీస్తే ఏమీ తెలియదు. చాలా చోట్ల నుంచి కొన్ని కిలోలు తీసి, మొత్తం పొడిచేసి కలిపాకే ఆ 20 గ్రాములు తూయాలి.

బీ2, జీ1 లాంటి బంధువులకూ యాంటీబాడీ కొంత అంటుకుంటుంది. కాబట్టి అనుమతించిన పరిమితికి దగ్గరగా వచ్చిన ఫలితాన్ని హెచ్‌పీఎల్‌సీతో (ఒక్కో పదార్థాన్ని విడదీసి కొలిచే పద్ధతి) నిర్ధారించుకోండి.