రొమాంటిక్ సంగీతం అంటే శృంగార సంగీతమా?

సందేహం: ఒక పాశ్చాత్య సంగీత కచేరీ కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. జర్మన్ స్వరకర్త మెండెల్సన్ ‘హెబ్రిడీస్’, చెక్ స్వరకర్త ద్వోర్జాక్ ‘మధ్యాహ్నపు మంత్రగత్తె’ వాయిస్తారట. ‘ప్రయాణాలు, జానపద కథలు ప్రేరణగా పుట్టిన రొమాంటిక్ సంగీతం’ అన్నచోట ‘శృంగార సంగీతం’ అనవచ్చా?

సమాధానం: అనకండి. శృంగారమంటే మనకు రతి, అంటే స్త్రీపురుషుల ప్రేమ, స్థాయిభావంగా (మూలభావంగా) ఉన్న రసం. ఆ మాట వినగానే అన్నమయ్య శృంగార సంకీర్తనలో, క్షేత్రయ్య పదాలో గుర్తుకొస్తాయి. మీ కచేరీలో ఉన్నది అది కాదు.

మెండెల్సన్ 1829లో, ఇరవై ఏళ్ల వయసులో, స్కాట్లండ్ పడమటి తీరానికి వెళ్లాడు. అక్కడి సముద్రం, హెబ్రిడీస్ అనే దీవులు తన మీద ఎలా పనిచేశాయో మాటల్లో చెప్పలేక, తోచిన స్వరాలనే ఉత్తరంలో రాసి ఇంటికి పంపాడు. ‘హెబ్రిడీస్’ మొదలయ్యేది ఆ స్వరాలతోనే. ఇక ద్వోర్జాక్ 1896లో కూర్చిన రచనకు ఆధారం ఎర్బెన్ అనే చెక్ కవి రాసిన గాథ. పిల్లవాడు మారాం చేస్తుంటే, మన ఇళ్లలో బూచాడొస్తాడన్నట్టే, తల్లి ఆ మధ్యాహ్నపు శక్తిని పిలుస్తానని బెదిరిస్తుంది. అది నిజంగానే వస్తుంది. తండ్రి ఇంటికి వచ్చేసరికి తల్లి స్పృహ తప్పి ఉంటుంది, ఆమె చేతుల్లో బిడ్డ చనిపోయి ఉంటాడు. ఇంత విషాదం మీద శృంగారమని రాస్తే చదివేవారికి ఎంత అన్యాయం!

మాట పుట్టుక చూస్తే చిక్కు విడిపోతుంది. పూర్వం ఫ్రాన్సులో పండితుల లాటిన్ కాక జనం మాట్లాడుకునే భాషను ‘రొమాన్స్’ అనేవారు. ఆ భాషలో చెప్పుకున్న వీరగాథలకు, వింత కథలకు అదే పేరు వచ్చింది. ‘ప్రేమ వ్యవహారం’ అనే అర్థం చాలా తర్వాతిది. 19వ శతాబ్దపు సంగీతానికి ఆ పేరు రావడంలో పాత కథలు, ప్రకృతి, దూరదేశాల మీద మోజు, గుండెలోని ఉద్వేగం అన్నీ ఉన్నాయి.

సాహిత్యంలో దీన్ని మన విమర్శకులు ‘కాల్పనికోద్యమం’ అన్నారు. నాకు ఇష్టమైన మాటే. కానీ ‘కాల్పనిక సంగీతం’ అంటే ఎవరో కల్పించిన, లేని సంగీతమనుకునే ప్రమాదం ఉంది. ఒట్టి ‘రొమాంటిక్’ అన్నా ప్రేమపాటలే అనుకుంటారు. అందుకే ‘రొమాంటిక్ యుగపు సంగీతం’ అనండి. ఆ ‘యుగపు’ చేరితే అపార్థం పోతుంది. ‘జానపద కథలు’ అన్నది సరిగ్గా ఉంది. దాన్ని ‘జానపద సంగీతం’గా మార్చకండి, అది వేరు.

అడగకపోయినా ఇంకొకటి. మంత్రగత్తె అంటే మనకు మంత్రాలు వేసే మనిషి. ఎర్బెన్ గాథలోది మనిషి కాదు. మిట్టమధ్యాహ్నం దయ్యాలు తిరిగే వేళని మన ఊళ్లలోనూ అంటారు కదా. ‘మిట్టమధ్యాహ్నపు దయ్యం’ అని పెట్టి చూడండి.